చికాగో గడియారము, గుంటూరు యార్డు

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున లారెన్స్ అను విశ్వవిద్యాలయ నగర మొకటి గలదు. ఆ నగరమునుండి వెలువడు లారెన్స్ జర్నల్-వరల్డ్ అను దినపత్రిక కార్యాలయమున 2003లో ఏడ్రియన్ హోలొవాటీ, సైమన్ విల్లిసన్ అను ఇరువురు ప్రోగ్రామర్లు, సంపాదకులు కోరిన కొత్త పుటలు దినములలో, ఒక్కొక్కప్పుడు గంటలలోనే, ఇంటర్నెట్టున నిలువవలసి వచ్చెడి తొందరను తట్టుకొనుటకై పైథాన్ భాషలో కొన్ని పనిముట్లను తమ అవసరము కొలది కూర్చుకొనిరి. ఆ పనిముట్లే క్రమక్రమముగా పెరిగి ఒక చట్రముగా రూపొంది, 2005 జూలైలో ఎల్లరకును ఉచితముగా లభించునట్లు వెలువరింపబడి, జాంగో రైన్‌హార్ట్ అను సుప్రసిద్ధ గిటారు వాద్యకారుని పేర జాంగో అను నామమును వహించినవి. వెబ్‌సైటును నిర్మించు ప్రతివాడును తప్పక చేసికొనవలసిన పనులు కొన్ని గలవు: బ్రౌజరునుండి వచ్చిన కోరికను అర్థము చేసికొనుట, డేటాబేసునుండి వివరములను తెచ్చుట, లోనికి వచ్చినవాని పాస్‌వర్డును పరీక్షించుట, పుటను కూర్చి తిరిగి పంపుట. వీటినన్నింటిని ముందుగనే వ్రాసియుంచి, ఆయా సైటునకు విశేషమైన భాగమును మాత్రము నిర్మాతకు విడిచిపెట్టునదే వెబ్ ఫ్రేమ్‌వర్క్.

ఇట్టి చట్రమునకు సెట్టింగుల ఫైలు ఏల కావలసివచ్చెనో తెలిసికొనుటకు ఆ పత్రిక వ్యవహారమునే మరికొంత చూడవలెను. ఆ సంస్థవారు వార్తలకు ఒకటి, నగరమందలి సంగీత వినోదాదులకు మరియొకటి, ఇట్లు రెండు వెబ్‌సైటులను నడుపుచుండిరి. ఒక్కొక్క వ్యాసము రెండింటను వెలువడవలసి వచ్చెడిది. దానిని రెండు మారులు ఎక్కించుట వృథాశ్రమ, ఒకచోట దిద్దిన తప్పు రెండవచోట నిలిచిపోవుట పత్రికకు అప్రతిష్ఠ. అందుచే వారు వ్యాసములను ఒకే డేటాబేసులో నుంచి, ప్రతి సైటునకును ఒక సంఖ్యను నియమించి, ఆ సంఖ్యను ఆయా సైటుయొక్క సెట్టింగుల ఫైలులో వ్రాసిరి. ప్రోగ్రాము ఒక్కటే, తాను ఏ సైటుకొరకు పనిచేయుచున్నదో దానికి స్వతః తెలియదు, సెట్టింగుల ఫైలును చదువుకొన్న పిదపనే తెలియును. ఎచ్చటనైనను మారని దానిని ప్రోగ్రాములో నుంచి, చోటునుబట్టి మారుదానిని వేరొక ఫైలులో నుంచుట యను ఈ విభజనయే ఈ అధ్యాయమునకు విషయము.

మన పంచాంగకర్తలకు ఇట్టి విభజన కొత్తది కాదు. సూర్యసిద్ధాంతాది గ్రంథములు లంకనుండి ఉజ్జయిని మీదుగా మేరువు వరకు పోవు రేఖను మధ్యరేఖగా గ్రహించి గ్రహగణితమును చెప్పగా, ఆ రేఖకు తూర్పుననో పడమటనో నివసించు గణకుడు తన ఊరికి తగిన దేశాంతర సంస్కారమును చేసికొని తిథులను లెక్కించుచుండెను. సిద్ధాంతము అందరికిని సమానము, సంస్కారము ఎవరిది వారిదే. సంస్కారమును మరచినవాని లెక్కలోనికి మాత్రము, వాని ఎరుక లేకుండగనే, ఉజ్జయిని కాలము వచ్చి చేరును. జాంగోలో ఉజ్జయిని స్థానము నాక్రమించినది చికాగో.

ఈ మాట అతిశయోక్తి కాదు. సెట్టింగుల ఫైలు అనగా ప్రత్యేకమైన భాషలో వ్రాయునది కాదు. అదియును పైథాన్ ప్రోగ్రామే. ఎడమవైపున ఒక పేరు, నడుమ సమాన చిహ్నము, కుడివైపున ఒక విలువ, ఇట్టి పంక్తులు కొన్నింటి సముదాయము. జాంగో తన పని మొదలిడునపుడు ముందుగా తనలోనే ఇమిడియున్న గ్లోబల్ సెట్టింగ్స్ అను ఫైలునుండి సమస్త విషయములకును డిఫాల్టు విలువలను గ్రహించును. పిదప, మన ఫైలు ఎచ్చట నున్నదో చెప్పు ఎన్విరాన్‌మెంట్ వేరియబు లొకటి యుండగా, దానిని చూచి ఆ ఫైలును తెరచి, అందలి పంక్తులను డిఫాల్టుల మీద పరచును. మనము వ్రాసినచోట మన మాట చెల్లును. వ్రాయనిచోట డిఫాల్టు చెల్లును. ఈ చదువుట యంతయు ఒక్కమారే జరుగును, కావున నడచుచున్న సర్వరుయొక్క సెట్టింగును మార్చదలచినవాడు ఫైలును దిద్దినంతమాత్రమున చాలదు, సర్వరును ఆపి మరల నడిపింపవలెను. ఇక ఆ గ్లోబల్ సెట్టింగ్స్ ఫైలును తెరచి టైమ్ జోన్ అను పంక్తిని చూచినచో, నేటికిని అచ్చట కానవచ్చునది అమెరికా/చికాగో అను మాటయే. లారెన్స్ నగరపు గడియారమునకును చికాగో గడియారమునకును భేదము లేదు. ఆ పత్రిక కాలమే ప్రపంచపు డిఫాల్టు కాలమై కూర్చున్నది.

అదే ఫైలులో తేదీని ముద్రించు పద్ధతిని చూడుడు. ముందు నెల, పిదప దినము, పిదప సంవత్సరము; అందును నెలపేర్లను అసోసియేటెడ్ ప్రెస్ అను వార్తాసంస్థవారి రచనానియమావళి ననుసరించి మార్చి, ఏప్రిల్ వంటి పొట్టి పేర్లను పూర్తిగా వ్రాసి, ఫిబ్రవరి వంటి పొడుగు పేర్లను కుదించి చుక్క పెట్టుట. కాలమును ముద్రించునపుడు పండ్రెండు గంటలకు అంకెలు వేయక మధ్యాహ్నమనియో అర్ధరాత్రియనియో మాటలలో చెప్పుట. ఇవి యన్నియు పత్రికాఫీసుల అలవాటులు. వానిని తప్పుపట్టుటకు నేను పూనుకొనలేదు. తమ యింటికై చేసికొన్న వస్తువునందు తమ యింటి గుర్తులుండుట సహజమే. కాని డిఫాల్టు అనగా ఏ పక్షమునకును చెందని విలువ యని మన విద్యార్థులలో ఒక భ్రమ గలదు, అది తొలగవలెను. ప్రతి డిఫాల్టునకును ఒక ఊరు గలదు.

గుంటూరు మిర్చి యార్డునకు సరకు తెచ్చు రైతులకై నిర్మించిన వెబ్‌సైటు నొకదానిని ఊహించుకొందము. తేజ, 334, బాడిగ మొదలైన రకములకు ఆనాడు పలికిన ధరలు, యార్డునకు వచ్చిన టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, తాలు కాయల ధర వేరుగను, ఇవి అందు కనబడును. జనవరినుండి ఏప్రిల్ వరకు సాగు సీజనులో పల్నాడునుండియు ప్రకాశమునుండియు లారీలు రాత్రివేళల యార్డు గేటును చేరుచుండును. గేటు వద్ద ఒక ఉద్యోగి టాబ్లెట్టుపై లారీ సంఖ్యను, టిక్కీల లెక్కను ఎక్కించుచుండును. తెల్లవారినపిదప వేలము, కాటా, కమీషన్ ఏజెంటు చీటీ. సాయంకాలమునకు ఆనాటి మొత్తము సైటుపై కానవచ్చును. బాపట్లలోనో, వడ్లమూడిలోనో, చౌడవరములోనో ఇంజనీరింగు చదువుచున్న విద్యార్థి యెవడైనను నెలదినములలో కట్టగలిగినదే.

ఆ విద్యార్థి జాంగోకు స్టార్ట్‌ప్రాజెక్ట్ అను ఆజ్ఞ నిచ్చి కొత్త ప్రాజెక్టును మొదలిడినచో, అది వానికి ఒక సెట్టింగుల ఫైలును వ్రాసి యిచ్చును. అందు టైమ్ జోన్ పంక్తిలో చికాగోకు బదులు యూటీసీ, అనగా అంతర్జాతీయ ప్రమాణకాలము, వ్రాయబడి యుండును. నిర్మాతలు ఈమాత్రము ఔదార్యమును చూపిరి. కాని యూటీసీయు మన కాలము కాదు. మన గడియారము దానికంటె ఐదున్నర గంటలు ముందు నడచును. కాలమండలముల విషయమున సెట్టింగులు సరిగా నున్నచో జాంగో ప్రతి క్షణమును డేటాబేసులో యూటీసీలోనే దాచి, పుటపై చూపునపుడును, దినమువారీ మొత్తములను కట్టునపుడును మాత్రము టైమ్ జోన్ పంక్తి చెప్పిన కాలములోనికి మార్చును. ఈ ఏర్పాటు మిక్కిలి తెలివియైనది. అయితే ఆ పంక్తి యూటీసీగనే మిగిలిపోయినచో, తెల్లవారుజామున మూడు గంటలకు గేటు దాటిన లారీ యూటీసీ ప్రకారము ముందునాటి రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చినట్లగును. ఐదున్నర లోపల వచ్చిన సరకంతయు నిన్నటి ఖాతాలో పడును. అనగా రాత్రివేళల వచ్చు సరకులో అధికభాగము. ధర చూడబోయిన రైతునకు తాను తెచ్చిన టిక్కీలు ఒక తేదీన, అవి అమ్ముడుపోయిన ధర మరియొక తేదీన కానవచ్చును.

ఇంతకంటె చిత్రమైన అవస్థ మరియొకటి గలదు. టైమ్ జోన్ అను పేరులో రెండు మాటల నడుమ ఒక క్రిందిగీత యుండవలెను. విద్యార్థి ఆ పంక్తిని దిద్దుచు, విలువను ఆసియా/కోల్‌కతా యని సరిగనే వ్రాసి, పేరులో ఆ క్రిందిగీతను మాత్రము విడిచెననుకొందము. జాంగో ఏమనును? ఏమియు అనదు. సెట్టింగుల ఫైలులో మనకు తోచిన కొత్త పేర్లను చేర్చుకొనుటకు స్వేచ్ఛ యున్నది కావున, గీత లేని ఆ పేరును మనము కొత్తగా కల్పించుకొన్న సెట్టింగుగా అది భావించును. అసలు పేరు ఫైలులో లేదు. లేనిచోట డిఫాల్టు చెల్లునని ముందే చెప్పితిని. కావున విద్యార్థి ఎన్నడును కోరని చికాగో కాలము, యూటీసీ కూడ కాక, వచ్చి కూర్చుండును. పేరును సరిగా వ్రాసి విలువలో అక్షరదోషము చేసినచో, అట్టి కాలమండలము లేదని ప్రోగ్రాము మొదలులోనే ఆగిపోవును. విలువ తప్పినచో కేక, పేరు తప్పినచో మౌనము. ఈ చట్రముపై నాకున్న ఫిర్యాదులలో ఇది మొదటిది.

చికాగో కాలము వచ్చినచో జరుగు వింత సీజను నడుమ బయటపడును. చలికాలమున చికాగో గడియారము మనకంటె పదునొకండున్నర గంటలు వెనుక నడచును. మార్చి రెండవ ఆదివారమునాడు అమెరికనులు తమ గడియారములను ఒక గంట ముందునకు జరుపుకొందురు కావున, ఆనాటినుండి భేదము పదిన్నర గంటలగును. ఫిబ్రవరిలో ఉదయము 11 గంటలకు ఎక్కించిన ధర చికాగోలో ముందునాటి రాత్రి 11.30, కావున సైటుపై అది నిన్నటి ధర. మార్చి చివరను అదే 11 గంటలకు ఎక్కించిన ధర చికాగోలో అర్ధరాత్రి దాటి 12.30, కావున సైటుపై అది నేటి ధర. గుంటూరులో ఎవరును దేనిని ముట్టలేదు, ప్రోగ్రాములో ఒక్క అక్షరము మారలేదు. అయినను సగము సీజను ఒక లెక్క, తక్కిన సగము మరియొక లెక్క. సోమవారమునాటి ఉదయపు ధరలు ఫిబ్రవరి పట్టికలో ఆదివారము క్రింద, యార్డు మూసియున్న దినము క్రింద, దర్శనమిచ్చును. కారణమును వెదకువాడు మొదట ఉద్యోగిని, పిదప టాబ్లెట్టును, పిదప సర్వరు ఏ ఊరిలో నున్నదో దానిని అనుమానించును. సర్వరు హైదరాబాదులో నున్నను సింగపూరులో నున్నను ఇచ్చట భేదము లేదు. జాంగో తనకు సెట్టింగు చెప్పిన కాలమునే తన ప్రోగ్రామంతటికిని విధించును.

ఆసియా/కోల్‌కతా యను పేరును చూచి ఆశ్చర్యపడువారు గలరు. కాలమండలముల అంతర్జాతీయ పట్టికలో ప్రతి మండలమునకును సామాన్యముగా అందలి పెద్ద నగర మొకదానిపేర గుర్తింపు కలదు. భారతదేశమంతయు ఒకే మండలము కావున మనకందరికిని కోల్‌కతాయే. భారత ప్రమాణకాలము 1906 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చుటకు పూర్వము రైళ్ళు మద్రాసు కాలమున నడచుచుండెను, అది యూటీసీకంటె ఐదు గంటల ఇరువదియొక్క నిమిషముల పది సెకనులు ముందు. ప్రమాణకాలమునకు ఆధారమైన ఎనుబది రెండున్నర డిగ్రీల రేఖాంశమునకు గుంటూరు రెండు డిగ్రీలకు పైగా పడమట నుండుటచే, మన ఊరి సూర్యుడు మన చేతిగడియారముకంటె నేటికిని ఎనిమిది నిమిషములు వెనుకబడియే నడచుచున్నాడు. దానికి మిర్చి ధరతో సంబంధము లేదు కావున విడిచెదను.

కాలము పిదప సంఖ్యలు. జాంగో తనంతట అంకెల నడుమ కామాలు వేయదు. వేయుమని ఒక పంక్తిలో ఆజ్ఞాపింపవలెను. వేయుమన్నను మూడేసి అంకెలకు ఒకటి వేయుట పాశ్చాత్యుల పద్ధతి; మనకు మొదట మూడు, ఆ పైన రెండేసి. 12,34,567 అని చూచిన కమీషన్ వ్యాపారి పండ్రెండు లక్షల ముప్పదినాలుగు వేలని తడుముకొనక చదువును. అదే సంఖ్యను 1,234,567 అని చూపినచో ఒక్క క్షణము ఆగి అంకెలను వ్రేలితో లెక్కించుకొనును. ఈ భేదమును గుర్తించి నంబర్ గ్రూపింగ్ అను సెట్టింగునకు ఒకే సంఖ్యకు బదులు మూడు, రెండు, సున్న అను వరుసను ఇచ్చుటకు వీలు కల్పించిరి. మొదటి మూడు కుడిచివరి గుంపు పరిమాణము, రెండు దాని ఎడమనున్న గుంపుది, సున్న యనగా ఇక మీదట కడపటి కొలతనే కొనసాగింపుమని. మూడు అంకెలలో లక్షలు, కోట్లు యావత్తును ఇమిడిపోయినవి. ఇంత క్లుప్తమైన, ఇంత ఉపయోగకరమైన పంక్తి మరియొకటి ఆ ఫైలులో నాకు కనబడలేదు. దాని నెరుగక, ప్రతి పుటలోను కామాలు వేయుటకు వేరుగా ప్రోగ్రాము వ్రాసికొనుచున్నవారు మాత్రము పెక్కుమంది.

భాషా విషయమున మనకు కొంత సౌలభ్యము లభించినది. జాంగో ఎరిగిన భాషల పట్టికలో తెలుగును కలదు. భాషాసంకేతముగా దాని రెండక్షరముల గుర్తును వ్రాసినచో, అనువాదము జరిగిన మేరకు హెచ్చరికలు, నెలపేర్లు, వారముల పేర్లు తెలుగులో వచ్చును, జరుగనిచోట ఆంగ్లములో నిలుచును. తేదీయు మన అలవాటు చొప్పున దినము ముందు, నెల పిదప వచ్చును. కాని సెట్టింగుల పేర్ల విషయమున మన లిపికి ప్రవేశము లేదు, దీనికి కారణము వింతైనది. 2008 చివరను వెలువడిన మూడవ పైథాన్ నాటినుండి ప్రోగ్రాములో పేర్లను తెలుగు లిపిలోనే వ్రాసికొనవచ్చును, పైథాన్ అభ్యంతరము చెప్పదు. జాంగో మాత్రము సెట్టింగుల ఫైలునందు పెద్ద (క్యాపిటల్) అక్షరములతో వ్రాసిన పేర్లనే సెట్టింగులుగా గ్రహించును. చిన్న అక్షరముల పేర్లను ఫైలు తన స్వంత లెక్కలకు వాడుకొన్నవిగా భావించి విడిచిపెట్టును. ఈ పేరు పెద్ద అక్షరములలో నున్నదా యని అది పైథాన్‌ను అడుగును. తెలుగు అక్షరములకు పెద్ద, చిన్న యను భేదమే లేదు కావున పైథాన్ లేదని సమాధానమిచ్చును; ఆ పేరు ఎట్టి హెచ్చరికయు లేకుండ జారిపోవును.

ఇక సెట్టింగుల ఫైలులో నుండరాని వానిని గూర్చి. చోటునుబట్టి మారునది యంతయు అందే యుండవలెనని పొరబడి, మిర్చి రకముల పట్టికను, కమీషను శాతమును, జిల్లాల పేర్లను అందు నింపువారు గలరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినపుడు నరసరావుపేట కేంద్రముగా పల్నాడు, బాపట్ల కేంద్రముగా మరియొక జిల్లా ఏర్పడి, ప్రకాశములోని చీరాల, అద్దంకి, పర్చూరు ప్రాంతములు బాపట్లలో చేరినవి. జిల్లాల పేర్లను సెట్టింగుల ఫైలులో వ్రాసియుంచినవాడు ఆనాడు ఆ పంక్తిని దిద్దెననుకొందము. అంతటితో 2021లో ప్రకాశమునుండి వచ్చిన చీరాల సరకు కూడ బాపట్లది యైపోయినది, ఏలయన సెట్టింగునకు గతము లేదు, నేటి విలువ ఒక్కటే కలదు. ఎప్పటినుండి ఎప్పటివరకు చెల్లునో తేదీతో కూడ జ్ఞాపకముంచుకొనవలసినది డేటాబేసులో నుండవలెను. లాం వ్యవసాయ పరిశోధనా ఫారమునుండి మరియొక కొత్త వంగడము వెలువడి యార్డునకు వచ్చిననాడు దాని పేరును చేర్చుటకు సర్వరును ఆపవలసివచ్చుట హాస్యాస్పదము కాదా? ప్రోగ్రామరును పిలువకయే యార్డు ఉద్యోగి మార్చుకొనదగినదానిని సెట్టింగుల ఫైలులో దాచుట ప్రోగ్రామరు తన అవసరమును శాశ్వతము చేసికొనుట వంటిదని నా అభిప్రాయము.

ఇంతవరకు చెప్పినది ఊరికిని ఊరికిని గల భేదము. ఒకే ఊరిలో, ఒకే సైటునకు, ఒక యంత్రమునకును మరియొక యంత్రమునకును గల భేదము వేరు. ప్రమాదము ఎక్కువగా నున్నది ఇచ్చటనే. విద్యార్థి లాప్‌టాప్‌పై డేటాబేసు ఒక చిన్న ఎస్‌క్యూలైట్ ఫైలు; సర్వరుపై పోస్ట్‌గ్రెస్, దానికొక పాస్‌వర్డు. లాప్‌టాప్‌పై డీబగ్ అను సెట్టింగు ఔననియుండవలెను. అప్పుడు తప్పు జరిగినచోట ప్రోగ్రాము పంక్తులు, ఆ క్షణమున అందలి విలువలు, సెట్టింగుల పట్టిక, సమస్తమును పుటపై పరచి చూపును, తప్పును పట్టుకొనుట సులభమగును. సర్వరుపై అదే ఔననియున్నచో లోపలి వ్యవహారమంతయు దారిని పోవువానికి దర్శనమిచ్చును. సెట్టింగులలో రహస్యములైనవానిని జాంగో నక్షత్రపు గుర్తులతో కప్పు మాట నిజమే. కాని పేరులో పాస్, కీ, సీక్రెట్, టోకెన్ వంటి ఆంగ్లపు ముక్క యున్నపుడే అది రహస్యమని దానికి తెలియును. రహస్యము అను మన మాటనే రోమన్ లిపిలో పేరుగా పెట్టి అందు పాస్‌వర్డును దాచినవానికి ఆ రక్షణ లేదు.

డీబగ్‌ను కాదనినంతనే జాంగో మరియొక ప్రశ్న వేయును: ఏయే పేర్లతో వచ్చిన కోరికలకు సమాధానము చెప్పవలెను? అలౌడ్ హోస్ట్స్ అను పట్టికలో సైటుయొక్క చిరునామా లేనిచో వచ్చినవారినందరిని తిప్పిపంపును. లాప్‌టాప్‌పై చక్కగా నడచిన సైటు సర్వరుపై మొదటిదినముననే ఎవరిని చూచినను నిరాకరించుట కొత్తవారికి సామాన్యానుభవము. వారిలో కొందరు విసిగి ఆ పట్టికలో ఒక నక్షత్రపు గుర్తు నుంచి, అనగా ఎవరైనను రావచ్చునని వ్రాసి, ఊపిరి పీల్చుకొందురు. తప్పుడు చిరునామాతో వచ్చిన కోరికకు సమాధానముగా, పాస్‌వర్డు మార్చుకొను లేఖలో ఆ తప్పుడు చిరునామాయే అచ్చయి పోవు మోసమును అరికట్టుటకు పెట్టిన తలుపది. నక్షత్రముతో అది మరల తెరచుకొనును.

సీక్రెట్ కీ అనునది వీటన్నింటిలో గోప్యమైనది. వినియోగదారుని బ్రౌజరునకు సైటు ఇచ్చు కొన్ని గుర్తులపైనను, పాస్‌వర్డు మార్పునకు పంపు లింకులపైనను జాంగో వేయు ముద్ర ఈ కీతోనే వేయబడును. కీ చేజిక్కినవాడు ఆ ముద్రను తానును వేయగలడు. స్టార్ట్‌ప్రాజెక్ట్ ఇచ్చు కీకి మొదట జాంగో-ఇన్‌సెక్యూర్ అను మాట తగిలించి, ఇది లాప్‌టాప్‌కు మాత్రమే యని 3.2 వెర్షను నాటినుండి హెచ్చరించుచున్నారు. అయినను ఆ కీతోనే సర్వరును నడిపి, ఫైలును గిట్‌హబ్‌లో నలుగురికిని కనబడునట్లుంచు విద్యార్థులు లేకపోలేదు. పిదప నాలుక కరచుకొని ఆ పంక్తిని తొలగించినను ప్రయోజనము లేదు. గిట్ పాత ప్రతులనన్నింటిని భద్రముగా దాచుకొనును. అట్టిచో కీని మార్చుటయే గతి. మార్చినంతనే లోనికి వచ్చియున్న వారందరును బయటపడి మరల పాస్‌వర్డు లిచ్చుకొనవలసివచ్చును కావున, పాత కీని కొంతకాలము గుర్తించుచు కొత్త కీతో మాత్రమే ముద్ర వేయుటకు 4.1 వెర్షనులో వేరొక పట్టికను చేర్చిరి.

అట్లయిన ఈ రహస్యముల నెచ్చట నుంచవలెను? హెరోకు సంస్థకు చెందిన ఆడమ్ విగ్గిన్స్ ప్రభృతులు పండ్రెండు సూత్రముల యాప్ అను పేర ప్రచారము చేసిన పద్ధతిలో దీనికొక సమాధానము గలదు: యంత్రమును బట్టి మారు విలువలను ఫైలులో గాక, యంత్రముయొక్క ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ళలో నుంచవలెను. వారు చెప్పిన పరీక్ష సరళమైనది. ఈ క్షణమున ప్రోగ్రామంతటిని లోకమునకు బహిరంగము చేసినచో ఏ రహస్యమైనను బయటపడునా? పడనిచో విభజన సరియైనది. సెట్టింగుల ఫైలు పైథాన్ ప్రోగ్రామే కావున, ఫలానా వేరియబులునుండి పాస్‌వర్డును తెచ్చుకొనుమని అందు వ్రాయుట ఒక్క పంక్తి పని. కాని ఎన్విరాన్‌మెంటునుండి వచ్చునది ఎల్లప్పుడును అక్షరములే, సత్యాసత్యములు కావు. డీబగ్‌కు ఫాల్స్ అను మాటను వేరియబులులో వ్రాసి, దానిని అట్లే తెచ్చుకొన్నచో, ఖాళీ కాని ప్రతి మాటయు పైథాన్‌కు ఔననియే అర్థము కావున, కాదనుమని వ్రాసినది ఔననిపించుకొని డీబగ్ తెరచుకొనును. వచ్చిన మాటను ట్రూ అను మాటతో పోల్చి చూచి సత్యాసత్యములను నిర్ణయించుకొనుట తప్పనిసరి.

ఫైలును రెండు మూడుగా చీల్చుటయు ఆచారములో గలదు: అందరికిని సమానమైనవి బేస్ అను ఫైలులో, లాప్‌టాప్‌వి ఒకదానిలో, సర్వరువి మరియొకదానిలో, కడపటి రెండును మొదటి పంక్తిలోనే బేస్‌ను దిగుమతి చేసికొని, కావలసినవానిని తిరుగవ్రాయును. దీనిలో ఒక మెలిక యున్నది. బేస్‌లో ఒక ఫోల్డరు పేరును వ్రాసి, దానినాధారముగా గైకొని ఫోటోల ఫోల్డరు పేరును కట్టియుంచి, సర్వరు ఫైలులో మొదటి ఫోల్డరును మాత్రము మార్చినచో, ఫోటోల ఫోల్డరు మారదు. అది బేస్‌ను చదివిన క్షణముననే లెక్క తేలిపోయినది. చిన్న సైటులకు ఒకే ఫైలు, మారునవి ఎన్విరాన్‌మెంటునుండి, ఇదియే నాకు ప్రియము. ఫైలు ఒకటైనను పెక్కైనను, కోరికకును పుటకును నడుమ పనిచేయు భాగములను పేర్కొను మిడిల్‌వేర్ అను పట్టికలో వరుసయు ముఖ్యము. వచ్చిన కోరిక ఆ వరుసలో పైనుండి క్రిందికి, సమాధానము క్రిందినుండి పైకి ప్రయాణించును. తెలుగు, ఆంగ్లము రెండును గల సైటులో భాషను నిర్ణయించు మిడిల్‌వేర్‌ను సెషన్ అనుదాని పిదప, కామన్ అనుదానికి ముందు ఉంచవలెను.

సైటును సర్వరునకు ఎక్కించుటకు ముందు అడుగదగిన రెండు ఆజ్ఞలు జాంగోలోనే గలవు. డిఫ్‌సెట్టింగ్స్ అనునది మన విలువలలో డిఫాల్టులకంటె భిన్నమైనవానిని మాత్రము వరుసగా చూపి, డిఫాల్టుల పట్టికలోనే లేని పేరు కనబడినచో దాని ప్రక్కన మూడు హాష్ గుర్తులను వేయును. క్రిందిగీత లేని టైమ్ జోన్ ఆ మూడు గుర్తులతో అచ్చట దొరకిపోవును. చెక్ అను ఆజ్ఞకు డిప్లాయ్ అను మాటను చేర్చినచో, డీబగ్ తెరచియున్నదా, సీక్రెట్ కీ బలహీనమా, కుకీలు భద్రమా యని ప్రశ్నించి హెచ్చరికల నిచ్చును. అయితే అది భద్రతను మాత్రమే పరీక్షించును. సైటు గుంటూరు కొరకా, లారెన్స్ కొరకా యని అడుగదు. ఆ ప్రశ్నను మనమే రెండు చిన్న పరీక్షలుగా వ్రాసి ప్రోగ్రాముతోనే ఉంచుకొనవలెను. ఫిబ్రవరి 10వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు మన కాలమున ఒక లారీని ఎక్కించి, ఆనాటి రాక మొత్తమును అడుగుట మొదటిది. 10వ తేదీ క్రింద వచ్చినచో సరి, 9వ తేదీ క్రింద వచ్చినచో యూటీసీయో చికాగోయో లోపల కూర్చున్నదని అర్థము. ఒక పుటపై 1234567 అను సంఖ్యను ముద్రించి 12,34,567 అని వచ్చినదో లేదో చూచుట రెండవది. ఈ రెండింటిలో ఏది తప్పినను ఆనాటి మార్పును సర్వరునకు ఎక్కింపరాదు.